నెట్ల కింద దొరికిన సగం పుస్తకం

దొరికిందండీ. రెండో సగం దొరికింది. పొద్దున పదకొండింటికి నా చేతికొచ్చింది. ఇప్పుడు నా బల్ల మీద ఉంది, పక్కనే మొదటి సగం. కాయితం కాయితం తిప్పి చూశా, ఒక్కటి కూడా పోలేదు. పామర్రు నుంచి బెజవాడ దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చా. పక్క సీటావిడ చూసి చూసి, "దేవుడి పటమా అమ్మా, అంత భద్రంగా పట్టుకున్నావు?" అంది. "పాత పుస్తకమండీ. అది కూడా సగమే" అన్నా. ఆవిడ కొంచెం అవతలకి జరిగి కూర్చుంది.

నేను ముప్పై అయిదేళ్లు శాఖా గ్రంథాలయాల్లో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యా. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లల కోసం మీ అనుభవాలు రాయండి మేడం అని మా తోటివాళ్లు రెండేళ్లుగా అడుగుతున్నారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటూ వచ్చా. ఎందుకంటే అనుభవాలు రాయాలంటే ఈ పుస్తకం సంగతి రాయాలి. అది రాస్తే నేను చేసిన తప్పు రాయాలి. ఆ తప్పు అలాగే ఉండగా నేను ఎవరికి పాఠాలు చెప్తాను? ఇవాళ చెప్పొచ్చు. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు, ఫైళ్లు రాయను. అవి మీకూ వస్తాయి, మీరే పడతారు.

పుస్తకాల కాపలా

మాది కోడూరు అవతల, సముద్రం గాలి తగిలే ఊరు. నాన్న వేటకి వెళ్లేవాడు. అమ్మ చేపలు అవనిగడ్డ తీసుకెళ్లి అమ్మేది. మా ఇళ్లల్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. ఆర్డరు వచ్చిన రోజు నాన్న వల బాగుచేసుకుంటూ అడిగాడు.

"ఇంతకీ ఏం ఉద్యోగమే?"

"లైబ్రేరియన్ నాన్నా. పుస్తకాలు చూసుకోవాలి."

"కాపలానా?"

"ఒకరకంగా అంతే."

"పుస్తకాలు ఎవడెత్తుకుపోతాడే పిచ్చిదానా. హాయి ఉద్యోగం."

నాన్న మాట నమ్మి నేనూ మొదట్లో కాపలాదారులాగే ఉన్నా. పుస్తకం బయటికెళ్తే ప్రాణం పోయేది, తిరిగొస్తే లేచొచ్చేది. దాన్ని మాన్పించింది నా మొదటి పై అధికారి సుబ్బారావు గారు. చెప్పాపెట్టకుండా బస్సు దిగి వచ్చేసేవారు. రిజిస్టర్లు ముట్టుకునేవారు కాదు. అరల వెంట నడుచుకుంటూ ఒక్కో పుస్తకం తీసి వెన్ను నలిగిందా లేదా అని చూసేవారు. ఒకసారి ఒకటి తీసి నా ముందు పెట్టారు, నిగనిగలాడుతోంది.

"ఏవమ్మా, ఇది వచ్చి ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లండీ. జాగర్తగా ఉంచానండీ."

"జాగర్తగా ఉంచడానికి ఇదేమన్నా పెళ్లి చీరా? రెండేళ్లలో ఒక్కడూ తెరవలేదంటే నువ్వేం చేస్తున్నట్టు?"

ఏడుపొచ్చింది. కానీ ఆయన చెప్పిందే ఈ ఉద్యోగం మొత్తం. ఆ తర్వాత వేరే చోట ఇంకో అధికారి కింద చేశా, పేరు రాయను. ఆయన బీరువాలన్నిటికీ తాళాలు వేయించారు. ఒక్క పుస్తకం పోలేదు. ఒక్క మనిషి చదవలేదు. నన్నడిగితే మీకు రెండో రకం అధికారి దొరికినా ఫరవాలేదు, తాళంచెవి మీ దగ్గరే ఉంటుందిగా, తెరిచి పెట్టుకోండి.

పేపరు విడదీసే అలవాటు

నా మొదటి ఊరు పామర్రుకీ కూచిపూడికీ మధ్య, కాలవ పక్కన. రీడింగు రూములో రెండు బెంచీలు. ఫ్యాను కింద బెంచీ పెద్దవాళ్లది. కిటికీ పక్క బెంచీ వాలీబాల్ కుర్రాళ్లది. ఇవతలివాళ్లు అవతల కూర్చోరు. ఎవరూ రూలు పెట్టలేదు, అయినా అంతే.

పొద్దున పేపరు రాగానే ఎవరో ఒకరు దాన్ని విప్పేసేవాళ్లు. రాజకీయాల కాయితాలు ఫ్యాను కిందకి, ఆటల కాయితం కిటికీ పక్కకి. సినిమా కాయితం మధ్యాహ్నానికి గానీ కనపడేది కాదు. సాయంత్రానికి పేపరు ఏ ముక్క ఏదో తెలీకుండా నలిగిపోయేది. చేరిన వారంలో నేను తెలివిగా పేపరుకి పిన్నులు కొట్టా. వీరరాఘవయ్య గారని, అయిదెకరాల రైతు, ఫ్యాను బెంచీకి పెద్ద ఆయన. వచ్చి పేపరు ఎత్తి పట్టుకుని చూశాడు.

"ఎవరు చేసిందమ్మాయ్ ఇది?"

"నేనేనండీ. చిరిగిపోతోందని."

"చిరిగితే రేపు ఇంకోటి రాదా? ఒకడు చదువుతుంటే పదిమంది వాడి నోట్లోకి చూస్తూ కూర్చోవాలా? విప్పు."

విప్పేశా. ఆయన చెప్పింది నిజమే. పేపరుకి అదే సరైన పద్ధతి. ఇప్పటికీ అదే అంటా. పేపరు సంగతిలో నేర్చుకున్న పాఠాన్ని తీసుకెళ్లి పుస్తకానికి అంటించడమే నేను చేసిన పాపం.

వరసగా చదవాలమ్మా

ఒకరోజు మధ్యాహ్నం, ఎండలో, యాభైకి దగ్గర్లో ఉన్న ఒకావిడ చేసంచీతో వచ్చారు. ప్రమీలమ్మ గారు. బెజవాడలో ఆడపిల్లల స్కూల్లో హిస్టరీ టీచరు. సంచీలోంచి ఆకుపచ్చ అట్ట పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ రాసిందే. ఊరూరా లైబ్రరీలకి ఒక్కో కాపీ ఉచితంగా ఇచ్చుకుంటూ తిరుగుతున్నారు.

దక్షిణాఫ్రికా గురించిన పుస్తకం. ఆవిడకి పాస్‌పోర్టు కూడా లేదు. ఏళ్ల తరబడి సెలవు రోజుల్లో దొరికినవన్నీ చదివి, నోట్సు రాసుకుని, తెలుగులో మనకి అర్థమయ్యేలా రాశారు. ఒక అధ్యాయం ఆ దేశపు రాజకీయం, తర్వాతది ఆటలు, మళ్లీ రాజకీయం, మళ్లీ ఆటలు. నల్లవాళ్లకి ఓటు లేదన్న అధ్యాయం తర్వాత, దేశం టీములో చోటు లేదన్న అధ్యాయం. సముద్రం మధ్య దీవిలో జైలు గురించి ఒకటి. ఆ వెంటనే అదే జైల్లో ఖైదీలు ఫుట్‌బాల్ ఆడుకోనివ్వండని ఏళ్ల తరబడి అడిగి అడిగి సాధించుకుని, జట్లు కట్టి, రిఫరీలను పెట్టుకుని, రూలు పుస్తకం ప్రకారం ఆడిన సంగతి.

వెళ్తూ ఒక్క మాటే అన్నారు. "ఇది వరసగా చదవాలమ్మా. ఎవరన్నా అడిగితే ఆ మాట చెప్పి ఇవ్వు."

"అలాగేనండీ" అన్నా.

కొన్నాళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఆ దేశం క్రికెట్ టీము, అన్నేళ్లు అందరూ వెలేశాక, మొట్టమొదట మన దేశానికే ఆడటానికొచ్చింది. ఇంకేముంది, రెండు బెంచీలకీ ఒకేసారి ఆకుపచ్చ అట్ట కావాల్సొచ్చింది. ఇంటికి ఇస్తే పదిహేను రోజులు రాదని రీడింగు రూములోనే చదవమన్నా. అది ఇంకా పెద్ద గొడవైంది.

కిటికీ బెంచీకి లీడరు శ్రీను. ఊరి వాలీబాల్ టీములో లిఫ్టరు, అంటే కొట్టేవాళ్లకి బంతి లేపి ఇచ్చేవాడు, ఇరవై ఏళ్లుంటాయి. ఒకరోజు వీరరాఘవయ్య గారు చదువుతుంటే పక్కన నిలబడి, "తాతగారూ, ఆ పేజీ ఇంకా అవ్వలేదా? మొన్న కూడా అక్కడే ఉన్నారు" అన్నాడు.

"ఇది బుర్రతో చదివేదిరా. నీలా ఫోటోలు చూసి ఇచ్చెయ్యడానికి కాదు."

"బుర్ర నిద్రపోతుంటే కళ్లేం చదువుతాయండీ? ఇందాక గురక వినపడింది."

ఫ్యాను బెంచీ కూడా నవ్వింది. వీరరాఘవయ్య గారు పుస్తకం చంకలో పెట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదు. రోజూ ఇదే.

మస్తాన్ గారు వద్దన్నారు

అప్పుడొచ్చింది నాకు ఆ గొప్ప ఆలోచన. పేపరు విడదీసినట్టు పుస్తకం విడదీస్తే? పెద్దవాళ్లకి రాజకీయం అధ్యాయాలన్నీ ఒక పుస్తకం, కుర్రాళ్లకి ఆటల అధ్యాయాలన్నీ ఒక పుస్తకం. ఎవరి బెంచీ మీద వాళ్లు హాయిగా చదువుకుంటారు.

బెజవాడ వన్‌టౌన్‌లో మస్తాన్ గారని బైండరు ఉండేవారు. మా పుస్తకాలన్నీ ఆయనే కుట్టేవారు. ఆదివారం తీసుకెళ్లి చెప్పా. ఆయన పుస్తకం తెరిచి, మూసి, మళ్లీ తెరిచారు.

"అమ్మా, ప్రతి అధ్యాయం కొత్త కాయితం మీదే మొదలైంది కాబట్టి చెయ్యొచ్చు. కానీ వెన్ను కోసెయ్యాలి. ఒకసారి కోస్తే మళ్లీ ఈ కుట్టు రాదు."

"ఫరవాలేదండీ."

"రాసినావిడని అడిగావా?"

"ఆవిడెందుకండీ, పుస్తకం లైబ్రరీదేగా."

"నేను ముప్పై ఏళ్లుగా కుడుతున్నా. చిరిగినవి కుట్టమని తెస్తారు. బాగున్నది కొయ్యమని తెచ్చినదానివి నువ్వే."

రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ కొయ్యమనే అన్నా. ఇరవై ఏడేళ్లకి ఉండే ధైర్యం అది. పిల్లలూ, మీకంటే చదువు తక్కువున్న మనిషి తన పనిలో "వద్దు" అంటే, అదే మీకు ఆ రోజు దొరికే మంచి సలహా. రాసిపెట్టుకోండి.

వారం తర్వాత రెండు పుస్తకాలై వచ్చాయి, రెండిటికీ నల్ల క్యాలికో గుడ్డ అట్ట. పేరున్న పేజీ, ఆవిడ ముందుమాట రాజకీయం సగంలో ఉన్నాయి. ఆటల సగానికి పేరు లేదు, ఊరు లేదు, మా లైబ్రరీ ముద్ర కూడా లేదు. అది నేను గమనించలేదు. రీడింగు రూము ప్రశాంతంగా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయా.

ఎందుకు ఆడలేదు మేడం?

నెల తిరక్కుండా శ్రీను నా బల్ల దగ్గరికొచ్చాడు. మొహం ఏదోలా ఉంది.

"మేడం, ఈ పుస్తకంలో పేజీలు పోయాయండీ."

"ఏం పోలేదే."

"పోయాయి మేడం. టెన్నిస్‌లో దేశాల పోటీ, మనవాళ్లు ఫైనల్ దాకా వచ్చారు. ఫైనల్ ఆ దేశంతో. 'మన జట్టు ఆడలేదు' అని రాసి అధ్యాయం అయిపోయింది. తర్వాత పేజీలో ఏదో రగ్బీ సంగతి మొదలైంది. ఫైనల్ ఎందుకు ఆడలేదు? దెబ్బ తగిలిందా?"

ఎందుకన్నది ఆ తర్వాతి అధ్యాయంలో ఉంది. అది ఫ్యాను కింద ఉంది. వీరరాఘవయ్య గారి చేతిలో ఉంది. వెళ్లి అడగమన్నా. వాడు కాసేపు నిలబడి, వెళ్లాడు. ఆ బెంచీ మీద కూర్చున్న మొదటి కుర్రాడు వాడే.

"తాతగారూ, మనవాళ్లు ఫైనల్ ఎందుకు ఆడలేదో మీ దాంట్లో ఉందంట."

"ఆ, ఉంది. అక్కడ నల్లవాళ్లని మనుషుల్లా చూడట్లేదని మన ప్రభుత్వం ఆడొద్దంది. మంచి పనే. అయినా ఆ ఒక్క ఆట ఆడకపోతే ఏం కొంప మునిగిందని ఈవిడ అంతగా బాధపడుతూ రాసిందో అర్థం కాలా."

"ఏం మునిగిందంటారేంటండీ? ఫైనల్ అండీ. కప్పు ఊరికే వాళ్లకి పోయింది. మళ్లీ జన్మలో రాదు."

"వస్తే?"

"అంటే?"

"నీకే వచ్చిందనుకో ఫైనల్. అవతల జరిగేది అన్యాయం. ఆడతావా, మానతావా?"

ఆ సాయంత్రం ఇద్దరూ రెండు సగాలూ పక్కపక్కన పెట్టుకుని, అటొకటి ఇటొకటి చదువుకుంటూ కూర్చున్నారు. నేను దూరం నుంచి చూశా. "వరసగా చదవాలమ్మా" అన్నది నాకప్పుడు అర్థమైంది. అప్పటికి వెన్ను కోసేశాం.

పదిరోజులకి ఊళ్లో వాలీబాల్ టోర్నమెంటు. పేట నుంచి మాదిగ కుర్రాళ్ల టీము ఒకటి పేరిచ్చింది. మంచి టీము. కమిటీవాళ్లు "ఈసారి జట్లు ఎక్కువయ్యాయి" అని వాళ్లని తీసేశారు. జట్లు ఎక్కువవ్వలేదని ఊరందరికీ తెలుసు. శ్రీను నా దగ్గరికొచ్చి ఆటల సగం కావాలన్నాడు.

"కమిటీవాళ్లకి చదివి వినిపిస్తా మేడం. రేపు తెచ్చేస్తా."

రిజిస్టర్లో రాయకుండా ఇచ్చేశా. వాడు నిజంగానే వెళ్లి చదివాడు. పేట టీముని తీసుకోకపోతే మేమూ ఆడం అన్నాడు. కథల్లో అయితే కమిటీవాళ్ల మనసు మారేది. ఇక్కడ, "మానెయ్యండి" అన్నారు. శ్రీను టీము లేకుండానే టోర్నమెంటు జరిగిపోయింది. వాడి ఇంట్లో నాన్న నెల రోజులు మాట్లాడలేదు. మరుసటేడు మాత్రం పేట టీముని తీసుకున్నారు. రెండో ప్రైజు కొట్టారు.

ఆ గొడవల్లో పుస్తకం సంగతి నేనడగలేదు. నిజం చెప్పాలంటే గర్వంగా ఉండి అడగలేదు, నా లైబ్రరీ పుస్తకం ఊరు మీదకెళ్లిందని. ఈలోపు వాడికి పీఈటీ ట్రైనింగులో, అంటే ఆటల మాస్టారు చదువులో, సీటొచ్చి వెళ్లిపోయాడు. నాకు ట్రాన్స్‌ఫరైంది. పుస్తకాల తనిఖీ అప్పుడు రాజకీయం సగం చూపించా. నంబరుంది, పుస్తకముంది, టిక్కు పడింది. అది నా రెండో తప్పు. మొదటిదాన్ని తెలివితక్కువతనం అనుకోవచ్చు. రెండోది దాచడం. మీరు కూడా ఏదో ఒక రోజు ఏదో ఒకటి పోగొడతారు, తప్పదు. ఆ రోజే చెప్పెయ్యండి. దాచిన తప్పు బీరువాలో చెద లాంటిది, తలుపు మూసి ఉన్నంతసేపూ తింటానే ఉంటుంది.

బుడమేరు నీళ్లు

బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు ప్రమీలమ్మ గారి ఇంట్లో కింద గదంతా నీళ్లు. ఆవిడకి ఎనభై దాటాయి. మేడ మీదకి ఎక్కించి కాపాడారు. కింద ఆవిడ పుస్తకాలు, చేతిరాత నోట్సులు, ఆకుపచ్చ అట్ట కాపీలు మిగిలినవన్నీ బురదలో ముద్దైపోయాయి. అచ్చేసిన ప్రెస్సు ఎప్పుడో మూతపడింది.

బెంజ్ సర్కిల్ దగ్గర కిరణ్ అని ఒక కుర్రాడు ఈమధ్య పుస్తకాలు వేస్తున్నాడు. ఆవిడ గురించి విని, పుస్తకం మళ్లీ వేస్తానన్నాడు. ఒక్క కాపీ దొరికితే చాలన్నాడు. ఆవిడ పంచిన లైబ్రరీలన్నిటికీ ఫోన్లు చేశాడు. ఎక్కడా లేదు. అరిగిపోయినవి, చెదపట్టినవి, తీసేసినవి. దొరికింది ఒక్కటే, మా కాలవ పక్క లైబ్రరీలో. తెరిచి చూస్తే సగం.

కిరణ్ ఎవర్నో అడిగి నాకు ఫోన్ చేశాడు. "మేడం, మీ టైములో చేరిన పుస్తకం. ఒకటో అధ్యాయం తర్వాత మూడు ఉంది, తర్వాత అయిదు. అచ్చు తప్పాండీ?"

మర్నాడే సింగ్‌నగర్ బస్సెక్కా.

ప్రమీలమ్మ గారింటికి వెళ్లి చెప్పా. గోడల మీద నీటి గుర్తు అలాగే ఉంది. మొత్తం చెప్పా, మస్తాన్ గారు వద్దన్న సంగతితో సహా.

"రెండిటినీ కలిపి రాయడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది" అన్నారు. "నువ్వు ఆదివారం ఒక్కరోజులో కానిచ్చావు."

"మిగతా సగం వెతుకుతానండీ."

"వెతుకు. ఉన్న సగమే వేస్తానంటున్నాడు ఆ అబ్బాయి. సగం వేస్తే నా పేరు వెయ్యొద్దని చెప్పా. అది నా పుస్తకం కాదు." నేను లేస్తుంటే, "తొందరగా వెతుకు" అన్నారు.

ఆ "తొందరగా" అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

శ్రీనుకి ఫోన్ చేశా. శ్రీను అంటే ఇప్పుడు శ్రీనివాసరావు మాస్టారు, ఏలూరులో ఉంటున్నాడు. "ఇచ్చేశా మేడం. మీ బల్ల మీదే పెట్టా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "నీ వల్ల ఆవిడ పుస్తకం చచ్చిపోయింది శ్రీనూ" అన్నా. "నేను ఆ పుస్తకం కోసం టోర్నమెంటే వదులుకున్నా. ఇన్నేళ్లకి నాకు దొంగతనం అంటగడతారా?" అని పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

అనకూడని మాట అన్నాను. రాయకుండా ఇచ్చింది నేను. కోయించింది నేను.

ఆటల పుస్తకం, ఒకటి

ఇక శ్రీను పనిచేసిన స్కూళ్లు పట్టుకుని తిరిగా. మూడు. మొదటి రెండింట్లో లైబ్రరీ బీరువాలు వెతికారు, లేదు. మూడోది వాడి మొదటి పోస్టింగు, పామర్రు దగ్గర హైస్కూలు. అక్కడి పీఈటీ జ్యోతి, కబడ్డీ ఆడిన పిల్ల, గట్టి గొంతు. లైబ్రరీలో లేదంది. సరేనని ఫోన్ పెట్టబోతుంటే, "మేడం, అది పోయిన సగం ఆటల గురించా? అయితే లైబ్రరీలో ఎందుకుంటుంది, నా గదిలో ఉంటుంది గానీ" అంది.

నేను ముప్పై అయిదేళ్ల లైబ్రేరియన్ని. నాకా ఆలోచన రాలేదు.

ఇవాళ పొద్దున ఫోన్ చేసింది, "వచ్చెయ్యండి" అని. ఆటల సామాను గది. గాలి పోయిన బంతులు, డిస్కులు, మూలన వాలీబాల్ నెట్లు గుట్టగా. నెట్ల కింద రేకు పెట్టె. అందులో గాలికొట్టే పంపు, ఈలలు, ఒక స్టాప్‌వాచీ, నల్ల క్యాలికో అట్ట.

పీఈటీ మారినప్పుడల్లా సామాను అప్పగిస్తూ జాబితా రాసి, ఇచ్చినవాళ్లు తీసుకున్నవాళ్లు సంతకాలు పెడతారంట. ఆ పిల్ల పాత జాబితాలన్నీ ఒక ఫైల్లో దాచింది. అన్నిటికన్నా కిందది శ్రీను చేతిరాత, అంటే పుస్తకం వాడితోనే వెళ్లింది, ఇచ్చేశాననుకుని మర్చిపోయాడంతే. నెట్లు, బంతులు, ఇనప గుండ్లు, వాటి తర్వాత "ఆటల పుస్తకం – 1". ఆ తర్వాత వచ్చిన ప్రతి మాస్టారూ అదే వరస దించుకున్నారు. అదేం పుస్తకమో తెరిచి చూశారో లేదో తెలీదు. జాబితాలో ఉంది కాబట్టి పెట్టెలో ఉండాలి, అంతే. మా లైబ్రరీలో నంబరేసి, తనిఖీ చేసి, టిక్కు పెట్టి పోగొట్టాం. వాళ్లు పంపుతో పాటు పెట్టుకుని కాపాడారు.

"చదివావా?" అని జ్యోతిని అడిగా.

"ఇవాళ పొద్దున దొరికాకే తెరిచానండీ. జైల్లో ఫుట్‌బాల్ అధ్యాయం మా పిల్లలకి చదివి వినిపించా. వాళ్లని జైల్లో ఎందుకు పెట్టారు టీచర్ అని అడుగుతున్నారు. అది ఇందులో లేదేంటి మేడం?"

"వస్తుంది తల్లీ. రెండూ కలిపి వస్తుంది."

ప్రమీలమ్మ గారు మధ్యాహ్నం పడుకుంటారు. నాలుగు దాటాక చేశా. "దొరికిందండీ, మొత్తం ఉంది" అన్నా.

"రెండో అధ్యాయం మొదటి వాక్యం చదువు" అన్నారు.

"ఆ ఊళ్లో మైదానం ఒకటే, దానికి గేట్లు రెండు" అని చదివా.

"ఆగు. ఒక గేటు దగ్గరే నీడ ఉండేదని కలపాలి. అప్పుడు తోచలేదు. అవునూ, అక్కడ నల్లవాళ్లందరూ ఓటేసింది నా పుస్తకంలో లేదు, అచ్చయ్యాక జరిగింది కదా. చివర్న ఇంకో అధ్యాయం రాయాలి. నాకు చెయ్యి వణుకుతోంది. నేను చెప్తా, నువ్వు రాస్తావా?"

"రాస్తానండీ. రేపే వస్తా."

"ఈ అధ్యాయంలో రాజకీయం, ఆటలు రెండూ ఉంటాయి. మళ్లీ కొయ్యమని ఎవరి దగ్గరికీ తీసుకెళ్లవుగా?"

నవ్వారు. ఆవిడ నవ్వడం నేను వినడం ఇదే మొదలు.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు:

కిరణ్. పని మొదలుపెట్టమనాలి. ఆవిడ పేరు వెయ్యొచ్చని చెప్పాలి.

మస్తాన్ గారబ్బాయి. తండ్రి పోయాక షాపు ఇతనే చూస్తున్నాడు. రెండు సగాలూ వరసలో పెట్టి ఒకటిగా కుట్టాలి, మా కాలవ పక్క లైబ్రరీకి ఇవ్వడానికి. పాత కుట్టు రాదని తెలుసని ముందే చెప్పాలి.

వీరరాఘవయ్య గారమ్మాయి, గుడివాడ. ఆయన పెన్సిల్ గీతలు రాజకీయం సగం నిండా ఉన్నాయి. చూస్తానంటే తీసుకెళ్తా.

సుబ్బారావు గారు. తొంభై ఏళ్లు, ఫోన్లో వినపడదు. అరవాలి.

జాబితాల్లో సంతకాలు పెట్టిన పీఈటీలు. నలుగురి నంబర్లు జ్యోతి ఇచ్చింది. మిగతావి వెతుకుతోంది.

శ్రీను. దొరికిందని తర్వాత చెప్తా, ముందు క్షమించమని అడగాలి. ఎత్తకపోతే రేపు చేస్తా. రేపూ ఎత్తకపోతే ఏలూరు బస్సెక్కుతా.